1650 × 1800 షాఫ్ట్‌లో ఏ డోర్ పెట్టాలి, ఏ కేబిన్ పడుతుంది?

మీరు అడిగింది ఇదీ: ఐదంతస్తుల నివాస భవనం, లిఫ్ట్ షాఫ్ట్ లోపలి కొలత 1650 మి.మీ. వెడల్పు, 1800 మి.మీ. లోతు, గోడలు ఇంకా లేవలేదు. ఒక సప్లయర్ సెంటర్ ఓపెనింగ్ డోర్ అంటున్నాడు, ఇంకొకరు టెలిస్కోపిక్ అంటున్నారు, మూడో ఆయన మాన్యువల్ స్వింగ్ డోర్ పెడితే ఖర్చు తగ్గుతుందంటున్నాడు. కేబిన్ స్టీల్‌లో చేయించాలా, గ్లాస్‌లోనా? వీల్‌చైర్, స్ట్రెచర్ పడతాయా?

ముందు సమాధానం చెప్పేస్తాను. 800 మి.మీ. క్లియర్ ఓపెనింగ్ (డోర్ పూర్తిగా తెరిచినప్పుడు దొరికే ఖాళీ వెడల్పు) ఉన్న రెండు ప్యానెళ్ల టెలిస్కోపిక్ ఆటోమేటిక్ డోర్, లోపలి కొలత 1100 × 1400 ఉన్న 630 కిలోల కేబిన్ తీసుకోండి. వీల్‌చైర్ పడుతుంది, తోసే మనిషి కూడా పడతాడు. స్ట్రెచర్ పడుకోబెట్టి తీసుకెళ్లడానికి చాలదు. అది కావాలంటే గోడ లేవకముందే షాఫ్ట్ లోతు పెంచాలి. స్వింగ్ డోర్ వద్దు. గ్లాస్ కేబిన్ మీ భవనానికి అక్కర్లేదు, ఎందుకో కింద చెబుతాను.

చాలామంది కేబిన్ కేటలాగుతో మొదలుపెట్టి, అద్దం ఎక్కడ, లైట్లు ఏ రంగు అని తేల్చుకున్నాక డోర్ దగ్గరికొస్తారు. వరస తిరగేయాలి. కేబిన్ గోడ పదేళ్లయినా కదలకుండా అలాగే ఉంటుంది. డోర్ రోజుకు వందలసార్లు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. లిఫ్ట్ ఆగిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో సింహభాగం డోర్‌వే. పైగా షాఫ్ట్ వెడల్పును, కౌంటర్‌వెయిట్ (కేబిన్ బరువుని సరితూచే దిమ్మ) ఎటువైపు ఉండాలన్నదాన్ని, చివరికి గోడలో వదలాల్సిన ఖాళీని కూడా డోరే నిర్ణయిస్తుంది.

వెడల్పు లెక్క

సెంటర్ ఓపెనింగ్‌లో రెండు ప్యానెళ్లు చెరోవైపుకి జరుగుతాయి. కాబట్టి తెరుచుకునే వెడల్పుకి రెట్టింపు, దానిపైన ఓవర్‌ల్యాప్‌కీ హెడర్ (ప్యానెళ్లు వేలాడే పై పట్టీ) చివరలకీ కలిపి సుమారు 200 మి.మీ. కావాలి. 800 ఓపెనింగ్‌కి 1800. మీ షాఫ్ట్ 1650. అంటే సెంటర్ ఓపెనింగ్ పెడితే మీకు దక్కేది మహా అయితే 700. ఆ సప్లయర్ కొటేషన్‌లో క్లియర్ ఓపెనింగ్ ఎంత రాశాడో ఒకసారి చూడండి. 700లో చిన్న వీల్‌చైర్ దూరుతుంది కానీ చక్రం తిప్పే చేతి వేళ్లు అంచుకి రాసుకుంటాయి. వికలాంగులు వాడే లిఫ్ట్‌కి ఈఎన్ 81-70 అనే యూరోపియన్ ప్రమాణం అడిగే కనీస వెడల్పు 800.

రెండు ప్యానెళ్ల టెలిస్కోపిక్‌లో రెండూ ఒకే పక్కకి, ఒకదాని వెనక ఒకటి చేరతాయి. ఓపెనింగ్‌కి ఒకటిన్నర రెట్లు, దానిపైన 200. అంటే 800కి 1400. మీ షాఫ్ట్‌లో హాయిగా కూర్చుంటుంది.

ఇక్కడ డ్రాయింగులో తరచూ తప్పిపోయే సంగతి ఒకటుంది. టెలిస్కోపిక్ డోర్ కేబిన్ మధ్యగీతకి రెండు పక్కలా సమానంగా ఉండదు. ప్యానెళ్లు చేరే పక్క మధ్యగీత నుంచి 900 దాకా, రెండో పక్క 500 దాకా వస్తుంది. మీ కేబిన్ బయటి వెడల్పు సుమారు 1180. కౌంటర్‌వెయిట్‌ని పక్కన పెడితే కేబిన్ ఎలాగూ షాఫ్ట్ మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరుగుతుంది. కౌంటర్‌వెయిట్ లేని పక్క గోడ నుంచి కేబిన్ మధ్యగీతకి 700 ఉంచితే, రెండో పక్క 950 మిగులుతుంది. అందులో ప్యానెళ్లు చేరడానికి 900 సరిపోతుంది, వాటి వెనక కేబిన్‌కీ గోడకీ మధ్య కౌంటర్‌వెయిట్‌కి 360 దొరుకుతుంది. కాబట్టి ప్యానెళ్లు కౌంటర్‌వెయిట్ ఉన్న పక్కకే చేరాలి. ల్యాండింగ్‌లో (అంతస్తులో లిఫ్ట్ డోర్ ముందు నిలబడే చోట) లిఫ్ట్ వైపు తిరిగి నిలబడి చూసినప్పుడు కుడికా, ఎడమకా అన్నది ఆర్డర్‌లో రాయించండి. కేబిన్ లోపలి నుంచి చూసి ఒకరు, బయటి నుంచి చూసి ఒకరు చెప్పుకుంటే డోర్లన్నీ అద్దంలో బొమ్మలా తారుమారై వస్తాయి.

లోతు లెక్క సులువు. కేబిన్ లోపల 1400, ముందు వెనక గోడలకి 80, కారు డోర్ సిల్ (కేబిన్ డోర్ కింది గాడి పట్టీ; లిఫ్ట్ భాషలో కారు అంటే కేబినే) 100, సిల్‌కీ సిల్‌కీ మధ్య ఖాళీ 30, ల్యాండింగ్ సిల్ 100. మొత్తం 1710. వెనక 90 మిగులుతుంది. సెంటర్ ఓపెనింగ్‌లో ప్యానెళ్లు ఒకే ట్రాక్ మీద నడుస్తాయి కాబట్టి ఒక్కో సిల్ 60–65కే అయిపోతుంది, లోతు కాస్త ఆదా అవుతుంది. మీ సమస్య లోతు కాదు, వెడల్పు.

ఈ అంకెలన్నీ సుమారు; తయారీదారుని బట్టి పది ఇరవై మి.మీ. అటూ ఇటూ మారతాయి. ఇంకో మాట, షాఫ్ట్ కొలత అంటే పై నుంచి కింది దాకా తూకం గుండు వదిలి చూసినప్పుడు మిగిలే నికర కొలత. ప్రతి అంతస్తులోనూ టేపుతో 1650 వచ్చినా, ఒక అంతస్తు ఇటు 20, ఇంకో అంతస్తు అటు 20 జరిగి ఉంటే మీకు నికరంగా మిగిలేది 1610.

మిగతా డోర్ల సంగతి

సెంటర్ ఓపెనింగ్ చెడ్డదని కాదు. స్థలం ఉంటే నేనూ అదే అంటాను. ఒక్కో ప్యానెల్ సగం దూరమే జరగాలి కాబట్టి తొందరగా తెరుచుకుంటుంది: 900 ఓపెనింగ్‌కి సెంటర్ సుమారు 2 సెకన్లు, టెలిస్కోపిక్ 3 సెకన్లకి దగ్గర. ఇరవై అంతస్తుల ఆఫీసులో ఉదయం రద్దీకి ఆ ఒక్క సెకను ప్రతి స్టాపులోనూ కూడుతూ పోతుంది. ఐదంతస్తుల ఇళ్లలో ఎవరూ గమనించరు. జరిగే భాగాలు తక్కువ, ఒకే ట్రాక్, కాబట్టి అరుగుదల కూడా సెంటర్‌లో కొంచెం తక్కువే.

వెడల్పైన ఓపెనింగ్ కావాలి, షాఫ్ట్ అంత లేదు అన్నప్పుడు నాలుగు ప్యానెళ్ల సెంటర్ టెలిస్కోపిక్ ఉంది. దాని లెక్క కూడా ఒకటిన్నర రెట్లే, కాకపోతే రెండు పక్కలా సమానంగా వస్తుంది. ఆసుపత్రుల్లో, సరుకు లిఫ్టుల్లో ఎక్కువ. మూడు ప్యానెళ్ల టెలిస్కోపిక్ ఇంకా ఇరుకులో పడుతుంది, ఓపెనింగ్‌కి ఒకటీ మూడో వంతు రెట్లు చాలు, కానీ సిల్ మందం 140–150కి పెరుగుతుంది. పాత భవనంలో మెట్ల మధ్య ఖాళీలో లిఫ్ట్ ఇరికించాల్సి వస్తే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

స్వింగ్ డోర్ దగ్గర కాస్త ఆగుతాను, మీ మూడో సప్లయర్ చెప్పింది అదే కాబట్టి. ల్యాండింగ్‌లో మామూలు గది తలుపులా చేత్తో లాగే డోర్, కేబిన్‌కి మడత డోర్ లేదా కొలాప్సిబుల్ గేటు. హెడర్ అక్కర్లేదు, ల్యాండింగ్ డోర్‌ని ఆపరేటర్‌కి (డోర్‌ని నడిపే మోటారు) కలపక్కర్లేదు, వెడల్పు తక్కువ చాలు. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. మొదటిది, బయటి తలుపుకీ లోపలి గేటుకీ మధ్య మిగిలే సందు. ఆ సందులో చిన్నపిల్ల నిలబడేంత జాగా ఉండి, బయటి తలుపు వెనక మూసుకుని లాక్ పడితే, పై అంతస్తువాళ్లు బటన్ నొక్కగానే లిఫ్ట్ కదులుతుంది. లాకులు, కాంటాక్టులు (డోర్ మూసుకుందని కంట్రోలర్‌కి తెలిపే స్విచ్‌లు) అన్నీ సరిగ్గానే పనిచేస్తుండగా జరిగే ప్రమాదం ఇది, పిల్లల ప్రాణాలు తీసింది కూడా. అందుకే లిఫ్టుల యూరోపియన్ భద్రతా ప్రమాణం ఈఎన్ 81-20, స్వింగ్ డోరూ మడత డోరూ కలిసి వాడిన చోట, మూసిన రెండు డోర్ల మధ్య ఏ సందులోనూ 150 మి.మీ. గోళం పట్టకూడదంటుంది. ఇళ్ల లోపలి లిఫ్టులకి అమెరికన్ కోడ్ ఇంకా గట్టిది: ల్యాండింగ్ డోర్ నుంచి సిల్ అంచుకి 19 మి.మీ., కారు డోర్‌కి 102 మి.మీ. దాటకూడదు. రెండోది, మనుషుల అలవాటు. తలుపు సరిగ్గా వేయకుండా ఎవరో ఒకరు వెళ్లిపోతారు, లిఫ్ట్ ఆ అంతస్తులోనే ఉండిపోతుంది, మిగతా నలుగురు మెట్లెక్కుతారు. డోర్ క్లోజర్ నూనె కారిపోయాక ఇది రోజూ జరిగే పనే. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి ఆ తలుపుని తనవైపు లాక్కుంటూ వెనక్కి జరగడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

కొలాప్సిబుల్ గేటు గురించి ఒక్క మాట: చెయ్యో కాలో ఊచల్లోంచి బయటికొస్తుంది, ఎదుట గోడ కదులుతూ పోతుంటుంది. కొత్త లిఫ్ట్‌కి ఎవరైనా ఇది ప్రతిపాదిస్తే కొటేషన్ పక్కన పెట్టేయండి.

నిలువుగా తెరుచుకునే డోర్ సరుకు లిఫ్టులకి. పైసగం పైకి, కిందిసగం కిందికి వెళ్తుంది, కేబిన్ వెడల్పంతా ఖాళీగా దొరుకుతుంది. అంతస్తు ఎత్తు మాత్రం ఓపెనింగ్ ఎత్తుకి ఒకటిన్నర రెట్లకి పైనే ఉండాలి, లేకపోతే పై అంతస్తు డోరూ కింది అంతస్తు డోరూ ఒకదానికొకటి అడ్డొస్తాయి.

కొటేషన్‌లో డోర్ గురించి ఏం చూడాలి

"ఆటోమేటిక్ డోర్" అన్న రెండు మాటలతో సరిపెట్టే కొటేషన్లు చాలా ఉంటాయి. వీటిని విడివిడిగా రాయించండి.

ఆపరేటర్: బెల్ట్‌తో నడిచే వీవీవీఎఫ్ డ్రైవ్ (మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్‌గా మార్చే రకం) అయి ఉండాలి. తెరుచుకునేటప్పుడు, మూసుకునేటప్పుడు చివర్లో వేగం తానే తగ్గించుకుంటుంది, కరెంటు హెచ్చుతగ్గులకి తడబడదు. పాత డీసీ మోటారు, రెసిస్టర్లతో వేగం మార్చే రకం ఇంకా ఎక్కడైనా అంటగడితే వద్దనండి.

మూసుకునే బలం: మూసుకునే డోర్‌ని ఆపడానికి కావాల్సిన బలం 150 న్యూటన్లు దాటకూడదు, అంటే సుమారు 15 కిలోల బరువు నెట్టినంత. గతిశక్తి 10 జౌళ్లు దాటకూడదు. సెన్సార్ పనిచేయనప్పుడు, లేదా ఎవరో అడ్డంగా నిలబడ్డారని బజర్ మోగిస్తూ బలవంతంగా మూసుకునేటప్పుడు 4 జౌళ్లు. దీనివల్ల ఒక ఆచరణ సమస్య వస్తుంది: అందం కోసం డోర్ ప్యానెల్‌కి గ్లాసో మందపాటి షీటో తొడిగిస్తే బరువు పెరిగి, అదే 10 జౌళ్లలో ఉండాలంటే వేగం తగ్గించాల్సి వస్తుంది. డోర్ నత్తలా మూసుకుంటోందని ఆ తర్వాత ఫిర్యాదు చేసి లాభం లేదు.

లైట్ కర్టెన్ (అడ్డొచ్చినదాన్ని పసిగట్టే కిరణాల తెర): సిల్ నుంచి 25 మి.మీ. ఎత్తులో మొదలై 1600 దాకా, 50 మి.మీ. వస్తువునైనా పట్టేదిగా ఉండాలి. ఒకటో రెండో కిరణాలుండే పాత ఫోటోసెల్ కుక్క మెడకి కట్టిన తాడునీ, పాకే పిల్లాడి చేతినీ చూడలేదు. సన్నటి తాడుని లైట్ కర్టెన్ కూడా పట్టలేకపోవచ్చు, అది గుర్తుంచుకోండి.

లాక్: ప్రతి ల్యాండింగ్‌లోనూ కొక్కెం కనీసం 7 మి.మీ. లోపలికి దిగాకే లిఫ్ట్ కదలాలి. కారు డోర్‌కి కూడా లాక్ లేదా రిస్ట్రిక్టర్ ఉండాలి, అంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు లోపలివాళ్లు డోర్ బలవంతంగా తెరిచి దూకకుండా. కేబిన్ సిల్ కింద వేలాడే ఏప్రాన్ పలక నిలువు భాగం కనీసం 750 మి.మీ. ఉండాలి. సగం పైకి వెళ్లి ఆగిన కేబిన్ నుంచి ఎవరైనా దిగబోతే కాళ్లు కేబిన్ కిందికి, షాఫ్ట్‌లోకి జారకుండా ఆపేది అదొక్కటే. ఆ పలకని పొట్టిగా చేయడానికి పిట్ (షాఫ్ట్ అడుగున ఉండే గుంట) లోతు చాలలేదన్న సాకు తరచూ చెబుతారు.

నిప్పు నిరోధం: ల్యాండింగ్ డోర్లకి మీ భవన అనుమతి ఎన్ని నిమిషాలు అడుగుతోందో కనుక్కుని, ఆ రేటింగ్ సర్టిఫికెట్ మీరు కొనే మోడల్ పేరు మీద, మీరు కొనే వెడల్పుకి ఉందా చూడండి. వేరే సైజు డోర్ సర్టిఫికెట్ ఇచ్చి సర్దేయడం మామూలే.

సిల్: ప్రయాణికుల లిఫ్ట్‌కి అల్యూమినియం చాలు. ట్రాలీలు, సామాను బండ్లు తిరిగే చోట స్టీల్.

డోర్లు ఎక్కడ చెడతాయి

మొదటి స్థానం సిల్ గాడిలో చెత్తది. నిర్మాణం పూర్తయ్యే రోజుల్లో ఇసుక, టైల్స్ కోసిన పొడి, ఆ తర్వాత చిన్న రాళ్లు, అగ్గిపుల్లలు, చాక్లెట్ కాగితాలు. ప్యానెల్ కింద ఉండే గైడ్ షూ ఆ గాడిలోనే జారుతుంది. అక్కడ తట్టుకోగానే డోర్ మళ్లీ తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకోబోతుంది, చివరికి కంట్రోలర్ తప్పు చూపించి ఆగిపోతుంది. టెక్నీషియన్ వచ్చి గాడి దులిపి వెళ్లిపోతాడు. వారానికోసారి బ్రష్‌తో గాడి దులిపే పని వాచ్‌మన్‌కి అప్పగిస్తే సగం కాల్స్ తగ్గుతాయి. గాడిలో గ్రీజు మాత్రం పూయొద్దు; దుమ్ముని పట్టి రుబ్బుడు పేస్టులా మారుస్తుంది.

రెండోది నీళ్లు. సిల్ బిగించేది ఫ్లోరింగ్ వేయకముందు. ప్రతి అంతస్తులోనూ పూర్తయిన నేల మట్టం గోడ మీద గీత గీసి ఇవ్వకపోతే, ఒక అంతస్తులో సిల్ నేలకంటే పల్లంలో పడుతుంది. నేల తుడిచిన నీళ్లన్నీ షాఫ్ట్‌లోకే. అవి కింది అంతస్తు హెడర్ మీద, లాక్ కాంటాక్టుల మీద కారి, లిఫ్ట్ ఉదయం తుడిచాక ఆగి, మధ్యాహ్నం ఆరాక తనంతట తనే నడుస్తుంది. కారణం తెలియక కంట్రోలర్ బోర్డులు మార్చుతూ ఉంటారు. సిల్‌ని నేలకంటే 3–5 మి.మీ. ఎత్తులో పెట్టి, ఆ ఎత్తుకి నేలని వాలుగా కలిపితే చాలు.

మూడోది, డోర్ వేన్‌కీ ల్యాండింగ్ రోలర్లకీ మధ్య సర్దుబాటు. కారు డోర్‌కి ఉండే వేన్ ల్యాండింగ్ డోర్ రోలర్లని పట్టుకుని రెండింటినీ కలిపి తెరుస్తుంది. కేబిన్ గైడ్ షూలు అరిగి కేబిన్ అటూ ఇటూ ఊగితే, వెళ్తూ వెళ్తూ వేన్ ఆ రోలర్‌కి తగులుతుంది. ఒక అంతస్తు దాటేటప్పుడు "టక్" అని శబ్దం, ఒక్కోసారి లాక్ కాంటాక్టు క్షణం విడిపోయి లిఫ్ట్ మధ్యలో ఆగడం. ఎప్పుడూ ఒకే అంతస్తు దగ్గర ఆగుతోందంటే ముందు ఇదే చూడాలి.

నాలుగోది, ల్యాండింగ్ డోర్ తనంతట తాను మూసుకోకపోవడం. కేబిన్ లేనప్పుడు ప్రతి ల్యాండింగ్ డోర్ బరువుతోనో స్ప్రింగ్‌తోనో తానే మూసుకుని లాక్ పడాలి. చివరి రెండు సెంటీమీటర్లలో ఆగిపోతుందంటే హ్యాంగర్ (ప్యానెల్‌ని పైనుంచి మోసే పలక) కింది ఎక్సెంట్రిక్ రోలర్ బిగుసుకుని ఉండొచ్చు, బరువు తాడు కప్పీ దాటి ఉండొచ్చు, లేదా ప్యానెల్ కింద సిల్‌కి రాసుకుంటూ ఉండొచ్చు. ప్యానెల్‌కీ సిల్‌కీ, ప్యానెల్‌కీ ఫ్రేముకీ మధ్య సందు కొత్తలో 6 మి.మీ. దాటకూడదు, అరిగాక 10 దాకా ఒప్పుకుంటారు.

ఈ నాలుగింటికీ కొందరు టెక్నీషియన్లు వాడే దొంగ మందు ఒకటే: లాక్ కాంటాక్టుని వైర్ ముక్కతో కలిపేయడం. లిఫ్ట్ వెంటనే నడుస్తుంది. డోర్ తెరిచి ఉన్నా నడుస్తుంది. మరమ్మతు కోసం బైపాస్ చేయాలంటే కొత్త కంట్రోలర్లలో దానికి వేరే స్విచ్ ఉంటుంది. అది వేస్తే మామూలు నడక ఆగి, ఇన్‌స్పెక్షన్ మోడ్‌లోనే (టెక్నీషియన్ చేత్తో నడిపితేనే) కదులుతుంది, కేబిన్ కదిలేటప్పుడు బజర్ మోగుతుంది, లైట్ వెలుగుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో వైర్ ముక్క ఎక్కడైనా వేలాడుతూ కనిపిస్తే, అది తీసేదాకా లిఫ్ట్ ఆపించండి.

ఇప్పుడు కేబిన్

కేబిన్ సైజు ఇష్టం వచ్చినట్టు పెంచుకోడానికి లేదు. ఎంత బరువుకి ఎంత నేల అన్నది ప్రమాణంలోనే ఉంది: 450 కిలోలకి 1.30 చ.మీ., 630కి 1.66, 1000కి 2.40, 1275కి 2.95, 1600కి 3.56 దాటకూడదు. నేల పెద్దదైతే జనం ఎక్కేస్తారు, మోసే శక్తి చాలదు. మీ 1100 × 1400 అంటే 1.54 చ.మీ., 630 కిలోలకి సరిపోయింది. మనుషుల లెక్క యూరోపియన్ ప్రమాణంలో తలకి 75 కిలోలు, కొన్ని దేశాల కోడ్‌లో 68. అందుకే ఒకే కేబిన్‌ని ఒకరు ఎనిమిది మందికి అంటారు, ఇంకొకరు తొమ్మిది మందికి. పోల్చేటప్పుడు మనుషుల సంఖ్య చూడకండి, కిలోలూ లోపలి కొలతా చూడండి.

స్ట్రెచర్‌కి 1100 × 2100 కేబిన్ కావాలి, 1000 కిలోలు. వెడల్పు అదే కాబట్టి మీ 1650 సరిపోతుంది, డోర్ కూడా అదే 800 లేదా 900. అయితే 900కి డోర్ వెడల్పు 1550 అవుతుంది, మీ షాఫ్ట్‌లో మరీ బిగుతు, 800తోనే ఉండండి. బరువు పెరిగింది కాబట్టి గైడ్ రైళ్లు (కేబిన్ జారే నిలువు పట్టాలు), కౌంటర్‌వెయిట్ కొలతలు ఆ సప్లయర్ డ్రాయింగ్‌లో మళ్లీ చూసుకోవాలి. లోతు మాత్రం 2500 నుంచి 2600 దాకా పోవాలి. గోడలు లేవలేదన్నారు కనుక పెద్దవాళ్లు ఎక్కువగా ఉండే భవనమైతే ఈ 700–800 మి.మీ. వదులుకోవడం మంచిదని నా అభిప్రాయం. తర్వాత ఎంత ఖర్చు పెట్టినా రాని వస్తువు షాఫ్ట్ లోతే.

ఆసుపత్రి పడకలకి లెక్క వేరు: 1275 కిలోలకి 1200 × 2300, 1600కి 1400 × 2400, 2000కి 1500 × 2700. డోర్ 1100 నుంచి 1300. సెలైన్ స్టాండుతో, పక్కన నర్సుతో పడక దూరాలి కాబట్టి ఇక్కడ కేబిన్ కంటే డోరే ముందు నిర్ణయమవుతుంది. మీకు ఇది అవసరం లేదు.

రెండు పక్కలా డోర్లున్న కేబిన్ కావాలంటే ఎదురెదురు డోర్లు సులువు, కౌంటర్‌వెయిట్ పక్కకి పోతుంది అంతే. ఎల్ ఆకారంలో పక్కపక్కన రెండు డోర్లంటే గైడ్ రైళ్లు మూలలకి జరగాలి లేదా కేబిన్‌ని ఒకే పక్క నుంచి మోయాలి; లోపల గోడ తగ్గి బటన్ల ప్యానెల్‌కి చోటు వెతుక్కోవాలి. ప్రవేశం మార్చడానికి వేరే దారి ఉంటే అదే చేయండి.

గ్లాస్ ఎందుకు వద్దన్నానంటే, మీ షాఫ్ట్ నాలుగు వైపులా గోడ. లోపలి నుంచి సిమెంటు గోడే కనిపిస్తుంది, కేబుళ్లూ బ్రాకెట్లూ అదనం. గ్లాస్ కేబిన్ తెరిచిన షాఫ్ట్‌కి, బయటి దృశ్యానికి. అక్కడైనా లామినేటెడ్ గ్లాసే వాడాలి, నేల నుంచి 1100 మి.మీ. ఎత్తు కంటే కింద గ్లాస్ ఉంటే 900–1100 మధ్య చేతిపట్టీ ఉండాలి, ఆ పట్టీ గ్లాస్‌కి కాక ఫ్రేముకి బిగించాలి. ఎండ పడే వైపైతే లోపల ఉడికిపోతుంది, ఏసీ పెడితే దాని నీళ్లు ఎటు పోవాలో ఆలోచించాలి. గ్లాస్ డోర్లకి వేళ్లు లాగేసుకునే ప్రమాదం ఇంకోటి: పిల్లలు గ్లాస్‌కి అరచేయి ఆనించి బయటికి చూస్తుంటారు, డోర్ తెరుచుకుంటూ ఆ చేతిని సందులోకి ఈడ్చుకుపోతుంది. అందుకే వాటికి సందు 4 మి.మీ.కే పరిమితం చేయడం, కింది భాగం మసకగా చేయడం లాంటి ఏర్పాట్లు ఉంటాయి.

స్టీల్‌లో ఏది? 304 గ్రేడ్ హెయిర్‌లైన్ ఫినిష్ తీసుకోండి. 430 గ్రేడ్ చూడటానికి అదే, అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది, తేమ ఉన్నచోట చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. సముద్రపు గాలి తగిలే చోట 316. అద్దంలా మెరిసే ఫినిష్ మొదటి వారం బాగుంటుంది, ఆ తర్వాత వేలిముద్రలూ గీతలూ. పౌడర్ కోటింగ్ చేసిన మామూలు స్టీల్ కూడా మంచిదే, కాకపోతే నేల తుడిచే నీళ్లకి కింది 150 మి.మీ. ముందు పోతుంది, ఆ ఎత్తు వరకు స్టెయిన్‌లెస్ స్కర్టింగ్ వేయించండి. ప్యానెల్ మందం 1.2 మి.మీ. కంటే తగ్గకూడదు, వెనక రిబ్బులు ఉండాలి. పిడికిలితో తట్టి చూస్తే డబ్బా శబ్దం వచ్చే కేబిన్ నడిచేటప్పుడు కూడా అలాగే మోగుతుంది.

నేలకి రాయి వేయించాలనుకుంటే ఆర్డర్ ఇచ్చేముందే చెప్పండి. 20 మి.మీ. గ్రానైట్ చదరపు మీటరుకి 54 కిలోలు. మీ కేబిన్‌కి 80 కిలోలు దాటుతుంది. కౌంటర్‌వెయిట్‌ని కేబిన్ బరువుకి, మోసే బరువులో 40–50 శాతం కలిపి తూస్తారు. తర్వాత ఎవరో లోపల రాయీ, గోడంత అద్దమూ పెట్టిస్తే ఆ తూకం పోతుంది. మోటారు మీద భారం, బ్రేక్ మీద భారం, తాళ్లు పుల్లీ మీద జారే అవకాశం. ముందే చెబితే కేబిన్ నేలలో 20–25 మి.మీ. పల్లం వదిలి, తూకం సరిచేసి ఇస్తారు. నన్నడిగితే 3 మి.మీ. వినైల్ చాలు.

వీల్‌చైర్ కోసం లోపల: బటన్లు నేల నుంచి 900–1200 మధ్య, మూల నుంచి కనీసం 400 దూరంలో. చేతిపట్టీ 900 ఎత్తులో, గోడకీ పట్టీకీ మధ్య 35 మి.మీ. సందు. 1100 వెడల్పులో కుర్చీ తిప్పుకోలేరు, వెనక్కే రావాలి. కాబట్టి వెనక గోడకి అద్దం అలంకారం కోసం కాదు, వెనక ఏముందో చూసుకోడానికి. నేల నుంచి 300 మి.మీ. వదిలి మొదలవ్వాలి, సేఫ్టీ గ్లాస్ అవ్వాలి. వెలుతురు 100 లక్స్, కరెంటు పోతే కనీసం గంటసేపు 5 లక్స్ ఇచ్చే ఎమర్జెన్సీ లైట్. ఫాల్స్ సీలింగ్ కిందికి దించేటప్పుడు నేల నుంచి 2000 మి.మీ. ఎత్తు తగ్గకుండా చూడండి, గాలి రంధ్రాలు మూయకుండా కూడా.

ఇప్పుడు మీరు చేయాల్సింది, గోడ లేపేముందు ఎంచుకున్న సప్లయర్ నుంచి డోర్ వివరాలతో ప్లాన్, సెక్షన్ డ్రాయింగ్ తెప్పించి మేస్త్రీ చేతికివ్వడం. ల్యాండింగ్ గోడలో ఖాళీ 800 మాత్రమే వదిలితే ఫ్రేము పట్టదు. వెడల్పులో ఒక్కో పక్క 100–150, ఎత్తులో 2000 పైన ఇంకో 200 దాకా అదనంగా వదలాలి. అదెంతో డ్రాయింగ్‌లోనే ఉంటుంది.

లిఫ్ట్ అప్పగించే రోజు టెక్నీషియన్ పక్కన ఉండగా ఇవి చేయించి చూడండి. ప్రతి అంతస్తులో త్రికోణపు తాళంచెవితో ల్యాండింగ్ డోర్‌ని పూర్తిగా, సగం, చిటికెడంత తెరిచి వదిలేయించండి, మూడుసార్లూ తానే మూసుకుని లాక్ పడాలి. ప్రతి అంతస్తులో ఆగినప్పుడు నేలకీ కేబిన్‌కీ తేడా స్కేలుతో కొలవండి, 10 మి.మీ. లోపు ఉండాలి. సిల్‌ల మధ్య ఖాళీ 35 దాటకూడదు, రెండు చివర్లా కొలవండి, ఒక చివర ఎక్కువుంటే సిల్ వంకరగా బిగించారు. మూసుకునే డోర్ మధ్యలో చీలమండ ఎత్తున, మోకాలి ఎత్తున, ఛాతీ ఎత్తున చెయ్యి అడ్డం పెట్టి చూడండి. చివరగా కేబిన్‌ని రెండు అంతస్తుల మధ్య ఆపించి, లోపలి నుంచి కారు డోర్‌ని గట్టిగా లాగండి, 50 మి.మీ. కంటే ఎక్కువ తెరుచుకుంటే రిస్ట్రిక్టర్ సరిచేసేదాకా సంతకం పెట్టకండి.